చేసుకున్నవాళ్లకు చేసుకున్నంతేనా?

శ్రీమాత్రే నమః.

మన ఛానల్‌లో కుబ్జ కథ వీడియో చాలామంది చూశారు. ఆ కథ రాసింది నేనే. కెమెరా ముందుకు రాను కానీ మన కథల్లో కొన్ని నేను రాస్తుంటాను. వీడియోలో కథ చెప్పాం, ఫలశ్రుతి చెప్పాం, అయిపోయింది. కానీ రాస్తున్నప్పుడు నా మనసులో తిరిగిన ప్రశ్న ఒకటి వీడియోలో పట్టలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపికగా చదవండి.

ప్రశ్న ఇది. ఒక మనిషి తన ఇష్టంతో, తన డబ్బుతో, శరీరాన్ని కొంత మార్చుకుంది. అనుకున్నట్టు రాలేదు. ఇప్పుడు దాన్ని సరిచేయించుకోవడానికి ఇంకోసారి కత్తి కిందకి వెళ్లాలా? వెళితే అది వైద్యమా, వ్యామోహమా? వెళ్లకుండా భరిస్తే అది వైరాగ్యమా, లేక తనకి తాను వేసుకున్న శిక్షా?

ఇది ఎవరి గురించో కాదు, నా గురించే.

విషయం ఏమిటంటే

టీనేజ్ నుంచీ నా ఛాతీ ఒక పక్క బాగా చిన్నది. "అందరికీ కొంచెం తేడా ఉంటుంది" అంటారే, ఆ కొంచెం కాదు. కుట్టించుకున్న ప్రతి జాకెట్‌కీ ఒక పక్క ప్యాడ్ పెట్టించాల్సిందే. టైలర్ ఆంటీకి తప్ప ఎవరికీ తెలియదు. ఉద్యోగం వచ్చాక, 28వ ఏట, రెండు వైపులా సిలికాన్ ఇంప్లాంట్లు వేయించుకున్నాను. ఆ నిర్ణయం గురించి నాకు ఈ రోజుకీ బాధ లేదు. అది ఆలోచించి తీసుకున్నదే.

ఇప్పుడు నాకు 32. కుడి పక్క బాగానే ఉంది. ఎడమ పక్క రెండో ఏడాది నుంచి గట్టిపడుతూ వచ్చింది. కొంచెం పైకి లాగేసినట్టు ఉంటుంది. ఎడమ వైపు తిరిగి పడుకోలేను. చలికాలం పొద్దున్నే లేస్తే లోపల ఎవరో బిగించి పట్టుకున్నట్టు ఉంటుంది. సమానంగా ఉండాలని చేయించుకున్నది ఇప్పుడు ఇంకో రకంగా అసమానమైంది. నవ్వొస్తుంది ఒక్కోసారి.

దీన్ని డాక్టర్లు క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. బయటి వస్తువు ఏది లోపలికి వెళ్లినా శరీరం దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. అది తప్పు కాదు, శరీర ధర్మం. కొందరిలో ఆ పొర దళసరై బిగుసుకుపోతుంది. దానికి నాలుగు గ్రేడ్లు ఉన్నాయి. మొదటిది మామూలు మెత్తదనం. రెండోది చేతికి కొంచెం గట్టిగా తెలుస్తుంది. మూడోది కంటికి కూడా తేడా కనిపిస్తుంది. నాలుగోదానికి నొప్పి తోడవుతుంది. నాది మూడు దాటి నాలుగు వైపు నడుస్తోందట.

చేసిన చోటికే మళ్లీ వెళ్లాను. పేరు చెప్పను, అవసరం లేదు. అక్కడ కౌన్సెలర్ అమ్మాయి నవ్వుతూ "రివిజన్ ప్యాకేజీ ఉంది మేడమ్" అని ఒక కాగితం ఇచ్చింది. ఇలా కావచ్చని మొదట్లో గట్టిగా ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టిన ఫారంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండే ఉంటుంది. చెప్పడం వేరు, ఫారంలో ఉండటం వేరు.

తెలుసుకోవాల్సిన నాలుగు నిజాలు

భక్తి పేజీలో ఇవెందుకు అనుకోకండి. తెలియకుండా చేసే పనికి ధర్మ విచారణ ఎలా కుదురుతుంది?

సిలికాన్ జెల్ ఇంప్లాంట్ మొదటిసారి 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో వేశారు. డాక్టర్లు థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో. వేయించుకున్నావిడ టిమ్మీ జీన్ లిండ్సే. ఆవిడ ఆసుపత్రికి వచ్చింది ఛాతీ మీది పచ్చబొట్టు తీయించుకోవడానికి. డాక్టర్లే ఈ కొత్త ఆపరేషన్ ప్రస్తావన తెచ్చారు. ఆవిడకేమో తన చెవులు సరిచేయించుకోవాలని కోరిక. అది కూడా చేస్తామంటే ఒప్పుకుంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు అలా ఉండిపోయాను. ఈ మొత్తం చరిత్ర మొదలైందే ఆ మనిషి అడగని కోరికతో! ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

రెండోది. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే చెప్పింది: అందం కోసం వేయించుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి పదేళ్లలోపు తీయాల్సి వస్తోందని. 2021లో పెట్టె మీద హెచ్చరిక ముద్రించాలని, ఆపరేషన్‌కు ముందే పేషెంట్‌తో కూర్చుని ఒక చెక్‌లిస్ట్ చదివించాలని ఆదేశించింది.

మూడోది. జెల్ లోపలే చిట్లినా ఒక్కోసారి బయటికి ఏమీ తెలియదు. అందుకే సిలికాన్ అయితే ఐదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోమని అదే సంస్థ సలహా. గరుకు పైపొర ఉన్న ఒక రకం ఇంప్లాంట్లను, అరుదైన లింఫోమా క్యాన్సర్‌తో సంబంధం తేలడంతో, 2019లో అలెర్గాన్ సంస్థ ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. నావి వేరే రకం. కానీ మీ దగ్గర ఇంప్లాంట్ కార్డు ఉంటే, దాని మీద కంపెనీ పేరు, సీరియల్ నంబర్ ఉంటాయి. బీరువాలో బంగారం పక్కన పెట్టుకోండి దాన్ని.

నాలుగోది, అసలైనది. రెండో ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టం. చర్మం పల్చబడి ఉంటుంది, పాత గాటు ఉంటుంది. బిగుసుకున్న పొర తీసేసినా మళ్లీ బిగుసుకునే అవకాశం మొదటిసారి కంటే ఎక్కువ. "ఈసారి పర్ఫెక్ట్‌గా వస్తుంది" అని ఎవరైనా మాటిస్తే, ఆ మాటనే అనుమానించాలి.

"తెలిసి తెలిసి చేసుకున్నావు"

మా అమ్మకి ఈ సంగతి పోయినేడాది తెలిసింది. పొద్దున్నే నేను చెయ్యి పైకెత్తలేక ఇబ్బంది పడుతుంటే అడిగింది, చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత మహదేవా అన్నారు ఊరికేనా?" అంది. తిట్టలేదు, కోప్పడలేదు. కానీ ఆ సామెత చాలా రోజులు నాలో ముల్లులా ఉండిపోయింది.

మన ఇళ్లలో కర్మ సిద్ధాంతాన్ని ఎక్కువగా వాడేది ఇలాగే. పక్కవాడికి నొప్పి వచ్చినప్పుడు తీర్పు చెప్పడానికి! కర్మ అంటే అదేనా?

గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ఒక లెక్క చెబుతాడు. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు కలవాలట. పనికి ఆధారమైన శరీరం, చేసే కర్త, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఐదూ కలిస్తేనే ఫలితం. అంతా నేనే చేశానని ఒక్క తన తలకే చుట్టుకునేవాడు సరిగ్గా చూడటం లేదు అని కూడా అక్కడే అంటాడు. మనం ఆ మాటను గెలిచినప్పటి అహంకారానికే వర్తింపజేస్తాం. ఓడినప్పటి అపరాధ భావానికి కూడా అది అంతే వర్తిస్తుంది. నా ఎడమ వైపు పొర బిగుసుకోవడానికి నా కోరిక ఒక్కటే కారణమా? అదే కోరికతో, అదే రోజు, అదే చేతులతో వేసిన కుడి పక్క మెత్తగా ఉందే! మరి దానికేమంటారు?

స్పీడుగా బండి నడిపి కాలు విరగ్గొట్టుకున్న కుర్రాడికి కట్టు కట్టకుండా "చేసుకున్నావు, అనుభవించు" అని ఏ ఆసుపత్రీ పంపదు. ఏ తల్లీ అనదు. అదే ఆడపిల్ల అందం కోసం ఏదైనా చేసుకుని బాధపడితే మాత్రం ఆ నొప్పికి జాలి దక్కదు. ఆ నొప్పి కూడా ఫ్యాషన్‌లో భాగమే అన్నట్టు చూస్తారు. ఇక్కడే నాకు అనిపిస్తుంది, మనం పట్టుకున్నది ధర్మం కాదు, దెప్పిపొడుపు అని.

కర్మ సిద్ధాంతం నాకు నేను చెప్పుకుంటే బాధ్యత అవుతుంది: "ఇది నా నిర్ణయం, దీని తర్వాతి అడుగు కూడా నాదే." అదే మాట పక్కవాళ్లు నాకు చెబితే శిక్ష అవుతుంది. మాట ఒకటే, చెప్పే నోరు వేరు.

శరీరాన్ని మార్చుకోవడం అధర్మమా?

ఇంకో మాట కూడా వింటుంటాం. "దేవుడిచ్చిన శరీరం, ఉన్నదున్నట్టు ఉంచుకోవాలి" అని. వినడానికి బావుంటుంది. కానీ మన సంప్రదాయం నిజంగా అలా అందా?

సుశ్రుతుడిని తీసుకోండి. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి కట్టే పద్ధతి, తెగిన చెవి తమ్మెను అతికించే పద్ధతి ఆయన సంహితలో ఉన్నాయి. అది చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. వ్రణ చికిత్సలో ఆయన చెప్పిన ఏడు ముఖ్య దశల్లో చివరిది వైకృతాపహం. అంటే గాయం మానాక మిగిలిన వికారాన్ని పోగొట్టడం. తెల్లబడ్డ మచ్చను చర్మం రంగులోకి తేవడం, మచ్చ మీద వెంట్రుకలు మొలిపించడం కూడా ఆయన చికిత్సల పట్టికలో ఉన్నాయి. గాయం మానితే చాలు కదా, రంగుతో పనేంటి అని ఆ మహానుభావుడు అనలేదు. మనిషి తిరిగి నలుగురిలోకి మామూలుగా నడిచి వెళ్లడం కూడా వైద్యమే అనుకున్నాడు.

ఇక మన కథల్లోని ముగ్గురు స్త్రీలను చూడండి.

మొదటిది కుబ్జ. మధుర వీధిలో కంసుడికి గంధం తీసుకెళ్తున్న, మూడు వంకరలు తిరిగిన అమ్మాయి. కృష్ణుడు ఆమె పాదాల మీద తన పాదం ఆనించి, రెండు వేళ్లతో గడ్డం పైకెత్తి, నిటారుగా నిలబెట్టాడు. "ఏ జన్మలో ఏం చేశావు?" అని అడగలేదు. "ఆత్మ ముఖ్యం, శరీరం కాదు" అని ఉపన్యాసం ఇవ్వలేదు. వీడియోలో మేం చెప్పని చిన్న విషయం ఒకటుంది. ఆమె వంకరగా ఉన్నప్పుడే ఆయన అందగత్తెను పిలిచే పిలుపుతో పిలిచాడు. నిటారైన తర్వాత కాదు. అంటే సరిచేయడానికి ముందే చూపులో లోటు లేదు.

రెండోది మధుర మీనాక్షి. మలయధ్వజ పాండ్యుడి యజ్ఞగుండంలోంచి వచ్చిన పాప, మూడు స్తనాలతో పుట్టింది. తండ్రి కలవరపడితే, తగిన భర్తను చూడగానే మూడోది మాయమవుతుందని, అబ్బాయిని పెంచినట్టే పెంచమని ఆకాశవాణి చెప్పిందట. ఆ తల్లి అదే శరీరంతో విద్యలు నేర్చింది, కిరీటం పెట్టుకుంది, దిగ్విజయానికి బయలుదేరింది. కైలాసంలో శివుణ్ణి చూశాక ఆ మూడోది పోయింది. కానీ అది పోయేదాకా ఆగి బతకడం మొదలుపెట్టలేదు, చూడండి!

మూడోది కారైక్కాల్ అమ్మయార్. అరవైముగ్గురు నాయనార్లలో ఉన్న ముగ్గురు స్త్రీలలో ఒకరు. భర్త కోసమే మోసిన ఈ అందం ఇక నాకెందుకని, దాన్ని తీసేయమని శివుణ్ణి వేడుకుంది. ఎముకల గూడు లాంటి రూపం తీసుకుంది. శివుడు ఆమెను అమ్మా అని పిలిచాడంటారు.

ఒకామెకి రూపం దిద్దారు. ఒకామె ఉన్న రూపంతోనే రాజ్యమేలింది. ఒకామె రూపాన్నే వదిలేసింది. ముగ్గురూ దేవుడికి దగ్గరే. మరి శరీరం విషయంలో మన ధర్మం చెప్పే ఒకే ఒక్క రూల్ ఏది? నాకైతే కనబడలేదు. ఎవరి కోసం, ఏ స్థితిలో, ఎంత మెలకువతో అన్నదే కనబడింది.

మరి యయాతి సంగతి?

ఇప్పుడు నాకు ఎదురుగా నిలబడే కథ కూడా చెప్పాలి. లేకపోతే నాకు అనుకూలమైనవి ఏరుకున్నట్టవుతుంది.

యయాతికి శుక్రాచార్యుడి శాపంతో ముసలితనం వచ్చింది. కొడుకు పూరుడు తన యవ్వనాన్ని ఇచ్చాడు. వెయ్యేళ్లు అనుభవించాక ఆయనకు అర్థమైంది: నెయ్యి పోస్తే నిప్పు ఆరదు, కోరికను అనుభవంతో చల్లార్చలేం. యవ్వనం తిరిగి కొడుకుకిచ్చి అడవికి వెళ్లాడు.

నేను ఈ కథను పక్కన పెట్టలేను. ఎందుకంటే రెండో అభిప్రాయం కోసం ఇంకో సర్జన్ దగ్గరకి వెళ్లినప్పుడు, పరీక్ష అంతా అయ్యాక ఆయన మామూలుగా ఒక ప్రశ్న వేశారు. "ఎలాగూ తెరుస్తున్నాం కదమ్మా, సైజు కొంచెం పెంచమంటారా? చాలామంది అడుగుతారు."

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం మనసు ఊగింది. అంతకు ముందు నిమిషం దాకా ఆ కోరిక నాలో లేదు. అడగగానే పుట్టింది. హ్యూస్టన్‌లో 1962లో జరిగింది కూడా ఇదే కదా! కోరిక మనలోంచి వచ్చిందా, ఎదుటివాళ్లు మన చేతిలో పెట్టారా అని తెలుసుకోవడం ఎంత కష్టమో ఆ కుర్చీలో అర్థమైంది.

అక్కడ నాకు పనికొచ్చింది మీమాంసకుల పాత విభజన. కర్మలు మూడు రకాలు: నిత్యం, నైమిత్తికం, కామ్యం. రోజూ చేయాల్సింది నిత్యం. కారణం వచ్చిపడినప్పుడు చేయాల్సింది నైమిత్తికం, గ్రహణం పడితే స్నానం చేసినట్టు. ఫలానాది కావాలని చేసేది కామ్యం.

నా ఎడమ వైపు బిగుసుకున్న పొర తీయించుకోవడం నైమిత్తికం. కారణం వచ్చి తలుపు కొట్టింది, జవాబివ్వాలి. చిట్లిన ఇంప్లాంట్ తీయించడం, జారిపోయినదాన్ని సర్దించడం, క్యాన్సర్ చికిత్స తర్వాత కట్టిన రొమ్ముని మళ్లీ సరిచేయించడం, ఇవన్నీ ఆ కోవలోవే. "ఎలాగూ తెరుస్తున్నాం కదా" అనేది కామ్యం.

కామ్యం పాపం కాదు. పుత్రకామేష్టి కామ్యమే, వరలక్ష్మీ వ్రతంలో మనం కోరుకునేవీ కామ్యాలే. కానీ దానికి కఠినమైన నియమం ఉంది. నిత్యకర్మను శక్తి ఉన్నంతలో చేసినా సరిపోతుంది. కామ్యాన్ని మాత్రం అన్ని అంగాలతో, లోపం లేకుండా చేయాలి. లేదా మొదలే పెట్టకూడదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే, కేవలం ఇష్టంతో చేయించుకునేదైతే మరింత జాగ్రత్త కావాలి. ఆఫర్ చూసి కాదు, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ చేసినవాళ్లేనా అని చూసి వెళ్లాలి. రివిజన్లు ఎన్ని చేశారో అడగాలి. మొదటి ఆపరేషన్ తర్వాత కణజాలం కుదురుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటే ఆగాలి. తొందరపడి ఒక అంగం వదిలేస్తే మొత్తం చెడుతుంది.

నాలుగు మాటల పరీక్ష

మళ్లీ పద్దెనిమిదో అధ్యాయానికే వస్తాను. తామస కర్మ అంటే ఏమిటో చెబుతూ కృష్ణుడు నాలుగు విషయాలు చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టేది అంటాడు. అనుబంధం, క్షయం, హింస, పౌరుషం. తిరగేసి చదివితే, ఏ పెద్ద నిర్ణయానికైనా ఇవే నాలుగు ప్రశ్నలు. ఒక రాత్రి కూర్చుని నా నోట్‌బుక్‌లో నాలుగూ రాసుకున్నాను.

అనుబంధం అంటే తోకలా వెంటవచ్చే పరిణామం. కొత్తది వేయించుకుంటే అదీ శాశ్వతం కాదు. 32లో వేయించుకుంటే 40ల్లో ఇంకోటి ఉండొచ్చు. "ఇదొక్కటే చివరిది" అని నాకు నేను అబద్ధం చెప్పుకోకూడదు. మేం పిల్లల గురించి ఆలోచిస్తున్నాం. పాలివ్వడం మీద ప్రభావం ఎలా ఉంటుందో, గాటు ఎక్కడ పెడతారో ఇప్పుడే అడగాలి.

క్షయం అంటే ఖర్చయ్యేది. అందం కోసం చేసే ఆపరేషన్‌కి మన ఇన్సూరెన్స్ పాలసీలు డబ్బివ్వవు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణం లాంటివాటికే మినహాయింపు. కాబట్టి చేతి డబ్బే. ఈఎంఐ పెట్టి చేయించుకునే స్థితి అయితే నేను ఆగుతాను. డబ్బే కాదు, స్పర్శ తగ్గొచ్చు. అదీ క్షయమే.

హింస. ఇక్కడ ఎక్కువసేపు ఆగాను. కత్తి గాటు ఒక హింస. కానీ రోజూ పొద్దున్నే బిగుసుకునే నొప్పిని "నాకిది కావాల్సిందే" అనుకుంటూ భరించడం కూడా హింసే. శరీరాన్ని ఊరికే పీడించేవాళ్లు లోపలున్న నన్నే పీడిస్తున్నారు అని పదిహేడో అధ్యాయంలో స్వామి గట్టిగానే అంటాడు. తపస్సు పేరుతో చేసినా సరే అంటాడు. ఇంకో హింస కూడా ఉంది. అద్దం ముందు నిలబడి నా శరీరాన్ని నేను తిట్టుకునే హింస. అది ఏ ఆపరేషన్‌తోనూ పోదు. దానికి వేరే మందు కావాలి. రోజులో ఎక్కువ భాగం అద్దం చుట్టూనే తిరుగుతుంటే, ఎవరూ గమనించని లోపం కూడా కొండలా కనిపిస్తుంటే, సర్జన్ కంటే ముందు సైకాలజిస్టును కలవాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పౌరుషం అంటే మన శక్తి. కొన్ని వారాలు చేతులు పైకెత్తలేను, బరువులెత్తలేను. తల ఎవరు దువ్వుతారు? సెలవుంటుందా? మళ్లీ అనుకున్నట్టు రాకపోతే తట్టుకునే బలం ఉందా? అన్నింటికంటే కష్టమైన ప్రశ్న ఈ చివరిదే.

మూడో దారి

ఇంకో దారి గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. రెండూ తీయించేసుకుని ఊరుకోవడం. దాన్ని ఓటమిలా చూస్తారు. "ఇంత ఖర్చు పెట్టి మళ్లీ మొదటికొచ్చిందా" అంటారు. మనవాళ్లు ప్రవృత్తి, నివృత్తి అని రెండు దారులు చెప్పారు. తొడుక్కున్న నగ బరువనిపిస్తే తీసి పెట్టెలో పెట్టినట్టే, అంతే. పెట్టుకున్నప్పుడూ నేను నేనే, తీసినప్పుడూ నేను నేనే. చర్మం కొంత సాగి ఉంటుంది, పూర్తిగా పాత ఆకారం రాకపోవచ్చు. అది తెలిసి ఎంచుకుంటే అదీ గౌరవమైన దారే.

ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే. నొప్పి లేనివాళ్లకి, స్కాన్‌లో అంతా బావున్నవాళ్లకి. కొంచెం తేడా ఉంటే ఉండనీ. కానీ అది అలసిపోయి వదిలేయడమా, తృప్తిగా ఉండటమా అన్నది మనకే తెలుస్తుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పక్కనున్నవాళ్లకి ఒక మాట

మీ ఇంట్లో, స్నేహితుల్లో ఎవరైనా ఇలా ఉంటే, దయచేసి మొదటి ప్రశ్నగా "ఎందుకు చేయించుకున్నావు?" అనకండి. "నొప్పిగా ఉందా?" అని అడగండి. భర్తలకు ఇంకో మాట. "నువ్వెలా ఉన్నా నాకు ఓకే" అనడం మంచిదే, కానీ అక్కడితో ఆపకండి. ఆ మాట తర్వాత తలుపు వేసేసినట్టు ఉంటుంది. నొప్పి మోస్తున్న మనిషికి "డాక్టర్ దగ్గరకి నేనూ వస్తాను, ప్రశ్నలు నేను రాసుకుంటాను" అనేవాళ్లు కావాలి. మా ఆయన ఆ పని చేశారు. పద్నాలుగు ప్రశ్నలు రాశారు, అందులో నేను అనుకోనివి ఐదున్నాయి.

ఉన్నట్టుండి ఒక పక్క వాపు, గడ్డ, జ్వరం, ఎరుపు, ఆకారంలో మార్పు కనిపిస్తే ధర్మసందేహాలన్నీ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరకి వెళ్లండి. మొక్కు మొక్కుకోండి, ఆటో ఎక్కండి. రెండూ చేయొచ్చు.

నేను ఎక్కడ నిలబడ్డానంటే

ఎంఆర్ఐ చేయించుకున్నాను. చిట్లలేదు. బిగుసుకున్న పొర తీయించుకోవడానికి ఒప్పుకున్నాను, తేదీ కార్తీకం తర్వాత. సైజు మార్చడానికి ఒప్పుకోలేదు. పొర తీసేటప్పుడు కొత్తది వేయడానికి లోపల పరిస్థితి బాగోలేదని డాక్టర్‌కి అనిపిస్తే, రెండు పక్కలా తీసేయమని రాసిచ్చాను. ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు చెయ్యి కొంచెం వణికింది. మళ్లీ ప్యాడ్ల రోజులు రావచ్చు. వస్తే టైలర్ ఆంటీ ఉన్నారు.

లలితా సహస్రనామం చదివేటప్పుడు నాకు ఇష్టమైన భాగం మొదట్లో వస్తుంది. అమ్మవారి రూపాన్ని తల నుంచి పాదాల దాకా ఒక్కో అవయవం చెబుతూ వెళ్తారు. కళ్లు, ముక్కు, మెడ, ఛాతీ, నడుము, ఏదీ దాటేయరు, ఏదానికీ సిగ్గుపడరు. చిన్నప్పుడు ఛాతీ నామాల దగ్గర తల దించుకుని గబగబా చదివేసేదాన్ని. ఇప్పుడు అక్కడ నెమ్మదిగా చదువుతున్నాను. ఒక పక్క బిగుసుకుపోయి, ఇంకో పక్క మెత్తగా ఉన్న ఈ శరీరంలో కూర్చుని చదువుతున్నది కూడా ఆ తల్లే అనిపిస్తుంది. ఆపరేషన్ అయ్యాక ఎలా ఉన్నా, చదివేది ఆవిడే.

ఇలాంటి నిర్ణయం ముందు నిలబడిన అక్కచెల్లెళ్లందరికీ అమ్మవారు స్పష్టతనివ్వాలి, మంచి డాక్టర్‌ని చూపించాలి, పక్కన ఒక మంచి మనిషిని నిలబెట్టాలి అని కోరుకుంటున్నాను. ఇది కామ్యమే. అన్ని అంగాలతో కోరుకుంటున్నాను.

శ్రీమాత్రే నమః.